శిస్తు రసీదు – చేదు ఉప్పు

(బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి)

మా హాస్టల్ మెస్సులో ఒకరోజు సాంబారులో ఉప్పు వేయడం మరిచిపోయారు. ఉప్పుగిన్నె కోసం నాలుగు పక్కలనుంచీ కేకలు లేచాయి. గిన్నె చేతులు మారుతూ మా బల్ల దగ్గరకు వచ్చినప్పుడు నా గదిలో వుండే మిత్రుడు చిటికెడు ఉప్పు తీసి పైకెత్తి చూపిస్తూ, "ఇదిగో, గాంధీగారు ఇంత ఉప్పు ఎత్తగానే తెల్లవాడు మూటాముల్లే సర్దుకున్నాడట! నవలల్లో కూడా ఇంత కల్పన వుండదురా" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వానేగాని, రాత్రి పడుకున్నాక ఆలోచిస్తే వాడికి చెప్పవలసిన జవాబు నా దగ్గర లేదని తేలింది. దండి యాత్ర తేదీలు పదో తరగతిలో బట్టీపట్టి రాశాను, మార్కులూ వచ్చాయి. కాని ఉప్పే ఎందుకు? బట్ట వుంది, భూమి వుంది, సారా వుంది. అవన్నీ వదిలి ఉప్పు ఎందుకు పట్టుకున్నారు? ఈ ప్రశ్న నన్నెవరూ అడగలేదు, నేనూ ఎవరినీ అడగలేదు.

తెలియని విషయం ఎదురైతే ముందు ప్రయోగం చేసి చూడమని మా లెక్చరర్లు చెబుతుంటారు. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు కడిగిన నూనె డబ్బా ఒకటి పట్టుకుని బస్సు మీద బాపట్ల, అక్కడినుంచి సూర్యలంక వెళ్ళి ఐదు లీటర్ల సముద్రపు నీళ్ళు తెచ్చాను. పాత పంచెగుడ్డలో వడగట్టి, పెరట్లో మూడు రాళ్ళు పెట్టి, దాకలో పోసి కాచాను. ఒక మోపు పత్తికట్టె అయిపోయింది. కళ్ళు మండాయి. సాయంత్రానికి దాక అడుగున మిగిలింది గీరి తూకం వేస్తే 160 గ్రాములు. తెల్లగా కూడా లేదు, బూడిదరంగు. మా నాయనమ్మ నాలిక మీద వేసుకుని మొహం చిట్లించి, "దీన్ని గొడ్ల కుడితిలో కూడా కలపంరా, ఇందుకా అంత కట్టె తగలేశావు?" అంది.

నాయనమ్మ మాట రసాయనశాస్త్రానికి సరిపోయింది. లీటరు సముద్రపు నీటిలో దాదాపు 35 గ్రాముల లవణాలు వుంటాయి. అందులో మనం తినే ఉప్పు, అంటే సోడియం క్లోరైడ్, 27 గ్రాముల దాకా వుంటుంది. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం మెగ్నీషియం లవణాలు. చేదంతా వాటిదే. చినగంజాం వైపు ఉప్పుమడుల్లో పనిచేసేవాళ్ళకు ఈ సంగతి పుస్తకం అక్కర్లేకుండానే తెలుసు. ఎండకు నీరు చిక్కబడేకొద్దీ ముందు సున్నం, జిప్సం దిగిపోతాయి. నీరు సుమారు పదో వంతుకు వచ్చినప్పుడు ఉప్పు గడ్డ కడుతుంది. చివర మిగిలే చేదు నీటిని వాళ్ళు బయటికి వదిలేస్తారు. నేను చేసిన తప్పల్లా చివరి చుక్క దాకా కాచడమే. 1930లో గట్టుమీద కుండలు పెట్టి కాచిన సత్యాగ్రహులు చాలామంది చేసిందీ ఇదే అయివుంటుంది. వాళ్ళలో వకీళ్ళు, మాస్టర్లు, కాలేజీ మానేసిన కుర్రాళ్ళు వున్నారుగాని ఉప్పు వండటం తెలిసినవాళ్ళు ఎందరుంటారు? కనుక సరుకుగా చూస్తే ఆ ఉప్పుకు విలువ లేదు. కథంతా ఉప్పులో లేదు, ఉప్పు చట్టంలో వుంది.

1882లో ఇండియా ఉప్పు చట్టం వచ్చింది. మన మద్రాసు రాజధానికి 1889లో ప్రత్యేకంగా మరో ఉప్పు చట్టం చేశారు. సర్కారు అనుమతి లేకుండా ఉప్పు చేయరాదు. ఎండకు తనంతట తాను గుంటల్లో పేరుకున్న ఉప్పు గీరి తెచ్చుకున్నా నేరమే. పన్ను కట్టని ఉప్పు ఇంట్లో వుంచుకున్నా నేరమే. సముద్రం దేవుడిది, ఎండ దేవుడిది, మధ్యలో పన్ను మాత్రం సర్కారుది.

పన్ను ఎంతో లెక్క చూద్దాం. 1923లో మణుగుకు రెండున్నర రూపాయలు చేసి, గోల ఎక్కువయ్యాక మరుసటి ఏడు ఒక రూపాయి నాలుగణాలకు దించారు. 1930లో అదే రేటు. ఇక్కడ ఒక చిక్కుంది. మన పల్లెల్లో మణుగు అంటే ఎనిమిది వీశెలు, ఇప్పటి లెక్కలో పదకొండు కిలోల పైచిలుకు. సర్కారు మణుగు అది కాదు, 37 కిలోలు దాటుతుంది. అంటే కిలో ఉప్పు మీద అర్ధణా పన్ను. మనిషి ఏడాదికి ఆరు కిలోలు తింటాడనుకుంటే ఆరుగురున్న ఇంటికి ఏడాదికి పంతొమ్మిది అణాలవుతుంది. మా మిత్రుడు వింటే "ఓస్, ఇంతేనా" అంటాడు. 1930 మార్చి 2న వైస్రాయి ఇర్విన్‌కు గాంధీగారు రాసిన ఉత్తరంలో ఒక లెక్క వుంది. వైస్రాయి జీతం నెలకు 21,000 రూపాయలు, రోజుకు 700 పైన. సగటు భారతీయుడి ఆదాయం రోజుకు రెండణాల లోపు. ఆ లెక్కన పంతొమ్మిది అణాలంటే ఒక మనిషి తొమ్మిది పది రోజుల రాబడి. పైగా మార్చి ఎండలో మిరపకాయ కోసే కూలీకి చద్దన్నంలో ఉప్పురాయి ఎక్కువే కావాలి. చెమట ఓడ్చినవాడే ఎక్కువ ఉప్పు తింటాడు, కాబట్టి వాడే ఎక్కువ పన్ను కడతాడు. మేడలో కూర్చున్నవాడికి ఈ పన్ను వుందన్న సంగతే గుర్తుండదు.

అయినా సందేహం తీరలేదు. రైతు నడుము విరిచింది ఉప్పుపన్ను కాదు, భూమిశిస్తు. గాంధీగారు 1930 జనవరిలో ప్రకటించిన పదకొండు కోరికల్లో శిస్తు సగానికి తగ్గించాలన్నది కూడా వుంది. మరి దాన్నే ముందు పట్టుకోలేదేం? ఈ ప్రశ్నకు జవాబు నాకు లైబ్రరీలో దొరకలేదు. మా ఇంటి భోషాణంలో దొరికింది. దానికి ఎనిమిదేళ్ళు వెనక్కి, మా గుంటూరు సీమకే వెళ్ళాలి.

మాది రైత్వారీ ప్రాంతం. మధ్యలో జమీందారు లేడు, రైతు సర్కారుకే శిస్తు కట్టాలి. కట్టించే యంత్రం ఎలా వుండేదో మన తరానికి తెలియదు. కరణం లెక్క రాస్తాడు. మునసబు వసూలు చేస్తాడు. వెట్టివాడు ఇంటింటికీ తిరిగి కబురు చెబుతాడు. కట్టకపోతే 1864 నాటి వసూళ్ళ చట్టం కింద ముందు గొడ్డూగోదా, గిన్నెలూ చెంబులూ జప్తు చేస్తారు. అప్పటికీ తీరకపోతే భూమి వేలం. ఈ యంత్రంలో తెల్లవాడు ఎక్కడున్నాడో వెతకండి. గుంటూరులో కలెక్టరు కుర్చీలో ఒక్కడున్నాడు. ఆయనకు ఫలానా చెక్క ఎవరిదో తెలియదు, ఊరి దారీ తెలియదు. చెప్పేవాడు కరణం, చూపించేవాడు వెట్టి, వేలంపాటలో పాడేవాడు పక్క ఊరి ఆసామి. అందరూ మనవాళ్ళే. వీళ్ళు చెయ్యి ఆపితే యంత్రం ఆగిపోతుంది.

ఆపి చూశారు కూడా. 1921 నవంబరులో ఢిల్లీలో అఖిలభారత కాంగ్రెస్ కమిటీ పన్నుల నిరాకరణకు షరతులతో ఒప్పుకుంది. ఖద్దరు కట్టాలి, హిందూ ముస్లిం ఐక్యత వుండాలి, అంటరానితనం వదలాలి, ఎట్టి పరిస్థితిలోనూ చెయ్యెత్తకూడదు. అప్పటికే మా పక్కన చీరాల పేరాల ప్రజలు మునిసిపల్ పన్ను కట్టలేమని, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి మాట మీద ఇళ్ళు వదిలి రామనగర్ పాకల్లో కాపురం పెట్టారు. పదకొండు నెలలు వున్నారు! బాపట్ల తాలూకా పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్యచౌదరి గారు రైతుల్ని కూడగట్టి, శాంతిసేన ఏర్పాటు చేశారు. 1922 జనవరి కిస్తు కట్టలేదు. గ్రామోద్యోగులు రాజీనామాలిచ్చారు. జప్తు చేసిన సామాను వేలం వేస్తే పాడేవాడు లేడు. అధికారులకు బండి కట్టేవాడు లేడు. సర్కారు సాయుధ పోలీసుల్ని దింపింది, భూములు శాశ్వతంగా పోతాయని బెదిరించింది. ఎక్కడా రాయి విసరలేదు. షరతులు పూర్తిగా నెరవేరాయా అని గాంధీగారికే అనుమానం వుండి, తొందరపడవద్దని కొండా వెంకటప్పయ్య గారికి రాశారు.

ఇంతలో ఫిబ్రవరి 4న ఎక్కడో గోరఖ్‌పూర్ జిల్లా చౌరీచౌరాలో జనం స్టేషను తగలబెట్టారు. 22 మంది పోలీసులు చనిపోయారు. వారం దాటేసరికి బార్డోలీలో కాంగ్రెస్ కార్యవర్గం ఉద్యమం ఆపేసింది. పెదనందిపాడు రైతులు శిస్తు కట్టేశారు. ఆపిన పది రోజులకు, ఫిబ్రవరి 22న, పల్నాడులో పుల్లరి కట్టనన్న కన్నెగంటి హనుమంతును మించాలపాడులో కాల్చి చంపారు. గాంధీగారు ఆపడం ఒప్పా తప్పా అని మా డిబేటింగ్ సొసైటీలో ఒకసారి వాదించుకున్నాం. అప్పుడు నేను ఒప్పు అనే పక్షాన మాట్లాడి బహుమతి కూడా కొట్టాను. ఇప్పుడైతే అంత ధైర్యంగా మాట్లాడలేను. చేయని తప్పుకు మా ఊళ్ళ రైతులు తల వంచవలసి వచ్చిందన్న మాట గొంతులో అడ్డం పడుతుంది.

ఇక మా ఇంటి సంగతి. "ఆ రోజుల్లో మన ఇంట్లోనూ శిస్తు కట్టలేదు" అని మా ఇంట పెళ్ళిళ్ళలో, పండగల్లో చెప్పుకోవడం నా చిన్నప్పటినుంచీ విన్నాను. మా తాతయ్యకు తాతగారు అప్పటి ఇంటి యజమాని. ఈ వ్యాసం కోసం ఏమైనా కాగితాలున్నాయేమో అని ఈ వేసవిలో తాతయ్యను అడిగాను. ఆయన వేపచెట్టు కింద మంచం మీద చాలాసేపు మాట్లాడకుండా కూర్చుని, తరువాత లోపలికి వెళ్ళి భోషాణం అడుగునుంచి గుడ్డలో చుట్టిన కాగితం ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టారు. శిస్తు రసీదు. ఎనిమిది రూపాయల చిల్లర. తేదీ 1922 జనవరి.

"కట్టాడురా," అన్నారు తాతయ్య. "మునసబు రాజీనామా ఇచ్చి కూర్చున్నాడుగా, ఊళ్ళో కట్టించుకునేవాడు లేడు. రాత్రిపూట బయలుదేరి బాపట్ల దాకా నడిచివెళ్ళి కట్టొచ్చాడట. తెల్లారేసరికి ఏమీ ఎరగనట్టు పొలంలో వున్నాడు. వున్నది నాలుగెకరాలు. నలుగురు పిల్లలు. అది పోతే?"

నాకు ముందు సిగ్గనిపించింది. ఆ రోజు అన్నం కూడా సరిగా తినలేదు. తరువాత మెల్లగా తోచింది ఏమిటంటే, నా కాలేజీ ఫీజు ఆ నాలుగెకరాల మీద పండిన మిరపనుంచే వస్తోంది. ఆయన ఆ రాత్రి నడవకపోయివుంటే నేను ఇవాళ ఆయన్ను తప్పుపట్టేంత చదువు చదివేవాణ్ణి కాదు. పక్కవాడు నిలబడ్డాడు, ఈయన నిలబడలేకపోయాడు; అది నిజం. దాన్ని దాచి మేము గొప్పలు చెప్పుకున్నాం, అదీ నిజం. కాని శిస్తు సత్యాగ్రహంలో బరువంతా రైతు మీద, అందులోనూ చిన్నరైతు మీద పడుతుంది. ఓడితే జైలుతో పోదు, భూమి పోతుంది. నాలుగెకరాలవాడికీ నలభై ఎకరాలవాడికీ ఒకటే శపథం, ఒకటే నష్టం కాదు. గట్టి నాయకత్వం వుంటే గెలవడమూ వుంది. 1928లో బార్డోలీలో వల్లభాయి పటేల్ నాయకత్వాన శిస్తు పెంపు 22 శాతంనుంచి 6 శాతం చిల్లరకు దిగివచ్చింది. కాని దేశమంతటికీ అదే బాట చూపించి, భూమిలేనివాణ్ణి, పట్నంవాణ్ణి, ఆడవాళ్ళను ఎక్కడ నిలబెట్టాలి? ఉప్పు దగ్గర ఈ చిక్కు లేదు. చట్టాన్ని మీరడానికి కావలసింది కుండ, కాస్త ధైర్యం. పోయేది ఆరు నెలల స్వేచ్ఛ, వీపు మీద చర్మం. భూమి పోదు. పిరికివాడు కూడా మొదటి అడుగు వేయగల నేరం అది. ఉప్పు ఎందుకన్నదానికి నేను చెప్పుకున్న జవాబు ఇదే. చరిత్ర లెక్చరర్లకు ఇది నచ్చకపోవచ్చు.

అప్పట్లో పెద్ద నాయకులకూ ఇది ఒక పట్టాన నచ్చలేదు. ఉప్పుకోసం తనకు నిద్ర చెడదని ఇర్విన్ లండనుకు రాశాడు. 1930 మార్చి 12న సబర్మతినుంచి 78 మందితో గాంధీగారు బయలుదేరారు. అందులో మన ఆంధ్రదేశం నుంచి ఎర్నేని సుబ్రహ్మణ్యం గారు వున్నారు. 24 రోజులు, 240 మైళ్ళు. రైలెక్కితే ఒక్కపూట దారి. నడవడంలోనే కిటుకంతా వుంది. దారిపొడుగునా సభలు, గ్రామోద్యోగుల రాజీనామాలు, రోజూ పత్రికల్లో వార్త. పట్టుకుంటే వీరుడవుతాడు, వదిలేస్తే చట్టం నవ్వులపాలవుతుంది. ఏప్రిల్ 6 ఉదయం దండి ఒడ్డున బురదలోనుంచి పిడికెడు ఉప్పు తీశారు. అది కూడా నా ఉప్పులాగే వుండివుంటుంది!

అది ఒక ప్రయోగంలాంటిదని నాకు తోస్తుంది. ప్రయోగం ఒకచోట చేస్తే చాలదు, ఎవరైనా ఎక్కడైనా చేసి చూడగలగాలి. చేశారు కూడా. ఒంగోలు దగ్గర దేవరంపాడులో శిబిరం నడిచింది; ప్రకాశం గారి పేరుతో ఆ ఊరి పేరు కలిసిపోయింది. కాకినాడ దగ్గర చొల్లంగిలో బులుసు సాంబమూర్తి గారు ఉప్పు చేశారు. మద్రాసులో దుర్గాబాయి గారు పనిచేశారు. బందరు కోనేరు సెంటరులో జెండా పట్టుకున్న తోట నరసయ్యనాయుడు గారిని పోలీసులు స్పృహ తప్పేదాకా కొట్టారు, ఆయన జెండా వదలలేదు. తమిళదేశంలో రాజాజీ తిరుచినాపల్లినుంచి వేదారణ్యం దాకా నడిచారు. ఇంత పొడుగు కోస్తాకు ఎన్ని లాఠీలు కాపలా పెట్టగలరు? ఏడాది తిరిగేసరికి 60,000 మందికి పైగా జైళ్ళలో వున్నారు. గాంధీగారిని మే 5న అరెస్టు చేసినప్పుడు ఉప్పు చట్టం వాడలేదు. విచారణ అక్కర్లేని 1827 నాటి బొంబాయి రెగ్యులేషను ఒకటి వెతికి తీశారు. ఉప్పు కేసని కోర్టులో నిలబెట్టే ధైర్యం లేకపోయిందన్నమాట.

అహింస అంటే దెబ్బలు తినడమేగా అని కొందరంటారు. మే 21న ధరాసన ఉప్పు కొఠారు దగ్గర సరిగ్గా అదే జరిగింది. సరోజినీనాయుడు గారు, మణిలాల్ గాంధీ ముందుండగా వాలంటీర్లు వరసలు వరసలుగా ముళ్ళతీగ దగ్గరకు నడిచారు, లాఠీలకు పడిపోయారు, చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. వెబ్ మిల్లర్ అనే అమెరికా విలేఖరి ఆసుపత్రి పాకలో 320 మంది గాయపడ్డవాళ్ళను లెక్కపెట్టాడు, ఇద్దరు చనిపోయారు. ఆయన పంపిన వార్త లోకమంతా చదివింది. కాని నన్ను ఇంతకన్నా ఎక్కువ ఆలోచింపజేసింది పెషావరు. ఏప్రిల్ 23న నిరాయుధులైన పఠానుల మీద కాల్చమంటే గఢ్వాలీ సిపాయిలు కాల్చలేదు. చంద్రసింగ్ గఢ్వాలీకి యావజ్జీవ శిక్ష పడింది. ఎదుటివాడు రాయి విసిరితే సిపాయికి తుపాకి ఎత్తడం సులువు. విసరకపోతే వాడు తనను తాను ప్రశ్న వేసుకోవలసి వస్తుంది. కరణం, మునసబు, వెట్టి, చివరకు సిపాయి. 1922లో మా ఫిర్కాలో ఆగిన యంత్రమే ఇది, ఇంకొంచెం పెద్దది.

ఫలితం ఏమిటని అడుగుతాడు మా వాడు. నిజం చెప్పాలంటే చేతికి వచ్చింది తక్కువ. 1931 మార్చి 5 ఒడంబడికలో సముద్రపు ఒడ్డు ఊళ్ళవాళ్ళు తమ వాడకానికి ఉప్పు చేసుకోవచ్చన్నారు. పన్ను అలాగే వుంది. 1947 ఏప్రిల్‌లోగాని పోలేదు. రైతుబిడ్డగా నేను రెండుసార్లు చదివింది మరో షరతు. జప్తు అయిన భూమి సర్కారు చేతిలోనే వుంటే తిరిగి ఇస్తారు, ఇంకొకరికి అమ్మేసివుంటే ఇవ్వరు. రాజీనామా ఇచ్చిన గ్రామోద్యోగి స్థానంలో ఇంకొకర్ని ఖాయం చేసివుంటే అదీ తిరిగి రాదు. ఆ ఉద్యమంలో గుజరాత్ రైతులు శిస్తు కూడా నిరాకరించారు. వాళ్ళలో ఎందరికో ఆ షరతు పిడుగై వుంటుంది. ఇక స్వరాజ్యానికి రెండో ప్రపంచయుద్ధం, 1942, 1946 నావికుల తిరుగుబాటు, యుద్ధంతో బ్రిటన్ దివాళా తీయడం, ఇవన్నీ కారణాలే. చిటికెడు ఉప్పుతో రాలేదు. అంతవరకు మా మిత్రుడి మాట నిజమే. కాని వెనక ఎనిమిది రూపాయల కోసం రాత్రిపూట భయపడి నడిచిన మనిషి, ముందు ఏమి చేశాడో కూడా వాడు వినాలి.

1930 వేసవిలో వాలంటీర్లు మా ఊరికి ఉప్పు పొట్లాలు అమ్మకానికి తెచ్చారట. మా తాతయ్యకు తాతగారు పట్టపగలు, అందరూ చూస్తుండగా, అర్ధరూపాయి ఇచ్చి ఒక పొట్లం కొన్నారు. ఇంటికి తెస్తే ఆడవాళ్ళు రుచి చూసి చేదని తిట్టారు. ఆయన దాన్ని గుడ్డలో మూటగట్టి వంటింటి దూలానికి వేలాడదీశారు. వానాకాలం వచ్చేసరికి మూట చెమ్మగిల్లి, చుక్కలు చుక్కలుగా పొయ్యి మీదకు కారి, చివరకు ఖాళీ గుడ్డ మిగిలిందట. మెగ్నీషియం క్లోరైడ్ గాలిలో తేమను లాక్కుంటుంది, అందుకని నేను తాతయ్యకు వివరించి చెప్పాను. ఆయన విని ఊరుకున్నారు.

రసీదు ఫోటో తీసి ఈ సంచికలో వేద్దామని అడిగాను. "రాస్తే రాసుకో, ఊరి పేరు మాత్రం వద్దు" అని మళ్ళీ గుడ్డలో చుట్టి భోషాణంలో పెట్టేశారు. నా 160 గ్రాముల ఉప్పు హాస్టల్ గదిలో సీసాలో వుంది. కావలసినవారు వచ్చి రుచి చూడవచ్చు. మా మిత్రుడు ఇప్పటికే చూసి, ఉమ్మేశాడు.